మబ్బులమేడ యజమానురాలు

నూట నాలుగో గది తలుపు సరిగా పడటం లేదని సోములమ్మ మొదట గమనించింది జూలై నెలలో. వానకు చెక్క ఉబ్బిందనుకుంది. వడ్రంగి వచ్చి అడుగున కాస్త చిత్రిక పట్టి పోయాడు. పదిహేను రోజులు తిరక్కుండానే తలుపు మళ్లీ నేలకు రాసుకుంది. ఈసారి ఆమె తలుపును వదిలేసి, చీపురు పక్కన పెట్టి, నేల మీద బోర్లా పడుకుని చూసింది. గుమ్మం దగ్గర రెండు టైల్స్ వేలెడంత పైకి లేచి ఉన్నాయి.

కిల్లో సోములమ్మకు యాభై మూడేళ్లు. అరకు మెయిన్ రోడ్డు మీద మబ్బులమేడ అనే నాలుగంతస్తుల లాడ్జిలో గదులు శుభ్రం చేసేది. ముప్పై రెండు గదులు. పొద్దున ఆరింటికి కింది అంతస్తులో మొదలుపెడితే సాయంత్రానికి పైకి చేరేది. దుప్పట్లు మార్చడం, బాత్రూంలు కడగడం, సీసాలు ఏరి గోనెలో వేయడం. మూడేళ్లుగా ఆ మేడలో ఆమె చెయ్యి తగలని గోడ లేదు.

మేడ నిలబడిన చోటు ఆమె పొలమే. భర్త యర్రయ్య బతికుండగా అక్కడ చోడి పంట, ఒక పక్క పసుపు పూల వలిసెలు వేసేవారు. వెనక కొండ. కొండ మొదట్లో చిన్న ఊట ఉండేది. మండు వేసవిలోనూ చేతి మణికట్టంత లావున నీళ్లు వచ్చేవి. యర్రయ్య జ్వరంతో పోయిన ఏడాదికి మైదానం నుంచి దుర్గాప్రసాద్ అనే ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, నెమ్మదైన మాట. ఇంటి ముందు అరుగు మీదే కూర్చుని గ్లాసుడు నీళ్లు అడిగి తాగాడు. పొలంలో మేడ కడదామన్నాడు, ఆమెకు బతికినన్నాళ్లూ అందులో పని, వెనక ఉండటానికి గది ఇస్తానన్నాడు. భూమి నీ పేరు మీదే ఉంటుంది, నేను తీసుకోను అని మూడుసార్లు చెప్పాడు. ఆ మాట నిజమే. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లు కొనకూడదని చట్టం ఉంది.

సోములమ్మ వయోజన విద్య తరగతుల్లో సంతకం నేర్చుకుంది. వేలిముద్ర వేసేవాళ్ల మధ్య అది ఆమెకు గర్వం. దుర్గాప్రసాద్ చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

అప్పటికే ఊరు మారిపోతోంది. రైల్వేస్టేషన్ నుంచి సంత మైదానం దాకా రోడ్డు వెడల్పు చేశారు. పెంకుటిళ్లు, టీకొట్లు, గొడుగులు బాగుచేసే ముసలాయన బడ్డీ అన్నీ పోయాయి. వారపు సంతను ఊరవతలికి పంపేసి ఆ జాగాలో రంగు దీపాల తోట, ఫొటోలు దిగే అరుగులు కట్టారు. పట్టణ కేంద్రం అభివృద్ధి అని పెద్ద బోర్డు పెట్టారు. రోడ్డుకు రెండువైపులా మేడలు లేచాయి. ముందున్న మేడ లోయను కమ్మేస్తే వెనకాయన ఇంకో అంతస్తు వేసేవాడు. అవి ఎవరెవరివో కరెంటు బిల్లులు తీసి చదివితే తెలిసేది. అన్నీ కిల్లో, పాంగి, కొర్రా, వంతల అనే గిరిజన ఇంటిపేర్లే. ఆ పేర్లున్నవాళ్లు ఆ మేడల్లో గిన్నెలు తోమేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు.

మబ్బులమేడ పునాదికి జాగా చాలక జేసీబీతో కొండను నిలువునా కోశారు. ఊటను రెండు లారీల బండరాళ్లతో పూడ్చి పైన కాంక్రీటు పోశారు. పది రోజులు కాంక్రీటు అంచుల నుంచి నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. పదకొండో రోజుకు ఆగిపోయాయి. మేస్త్రీ సంబరపడ్డాడు. సోములమ్మకు మాత్రం ఆ నీళ్లు ఎటు పోయాయో అర్థం కాలేదు.

తలుపు సంగతి మేనేజరు తాతారావుతో చెప్పింది. తాతారావు శృంగవరపుకోట మనిషి. మంచివాడే. పనివాళ్ల మీద కేకలు వేసేవాడు కాదు.

"కొత్త బిల్డింగులకి ఇలాటివి మామూలే సోములమ్మా. సర్దుకుంటాది" అన్నాడు.

"సర్దుకోడానికి మూడేళ్లు కావాలేటి బాబు? గదిలో బాత్రూం నీళ్లు జాలీ దగ్గరకి ఎల్లడం నేదు. మూలకి ఎల్తన్నాయి. వెనక గోడ సెమట పడతంది. సెయ్యెట్టి సూడు."

తాతారావు వచ్చి గోడ మీద చెయ్యి పెట్టాడు. తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. మర్నాడు ఇద్దరు మనుషులు వచ్చి పగుళ్లు పూడ్చి, గోడంతా పువ్వుల కాగితం అంటించి వెళ్లారు. వారం రోజులకు ఆ కాగితం మధ్యలో పొంగి పొట్టలా ముందుకొచ్చింది.

సెప్టెంబరులో దుర్గాప్రసాద్ వచ్చాడు. వెంట ఒక ఇంజనీరు కుర్రాడు. ఇద్దరూ మేడ పైకెక్కారు. పైన ఈతకొలను కట్టాలని ఆలోచన. మెయిన్ రోడ్డు మీద మేడపైన ఈతకొలను ఉన్న లాడ్జి ఇంకొకటి లేదు, శీతాకాలానికల్లా నీళ్లు నింపాలన్నాడు. బకెట్టుతో పక్కన నిలబడ్డ సోములమ్మ ఉండబట్టలేకపోయింది.

"బాబూ, కింద నేల లేస్తంది. పైన నీళ్ల బరువెడితే ఎలాగు? మా ఊట కింద సచ్చిపోనేదు బాబు. తిరుగుతంది."

దుర్గాప్రసాద్ నవ్వాడు. "యజమానురాలికే భయమైతే మేమేం కావాలి?" అన్నాడు. ఇంజనీరు కూడా నవ్వాడు. కిందికి దిగేటప్పుడు దుర్గాప్రసాద్ మెట్ల మలుపులో ఆగి, ఆమె ఒక్కదానికే వినబడేట్టు చెప్పాడు.

"ఒక మాట విను సోములమ్మా. నీ మంచికే చెప్తున్నా. ఈ మేడ కాగితాల మీద నా పేరు ఎక్కడా లేదు. ఉన్నదంతా నీ పేరే. రేపు ఏదైనా జరిగితే వాళ్లు వెతుక్కుంటూ వచ్చేది నిన్నే. ఇలాంటి మాటలు నువ్వు బయట అనకూడదు."

ఆ గొంతులో కోపం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు జాగ్రత్త చెప్పినట్టే చెప్పాడు. ఆయన కారు వెళ్లిపోయాక చాలాసేపు సోములమ్మ ఆ మెట్ల మీదే ఉండిపోయింది. ఆ మాటలో తను అప్పటిదాకా ఎరగని సంగతి ఏదో ఉందనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం గ్రామ సచివాలయానికి వెళ్లింది. ఆమె చెల్లెలి కూతురు రత్న అక్కడ కంప్యూటర్ ముందు పనిచేస్తుంది. రత్న పాత ఫైళ్లు తీయించి, కంప్యూటర్లో వెతికి, ఒక్కొక్క కాగితమే ముద్రించి బల్ల మీద పెట్టింది. పెడుతున్నకొద్దీ ఆ పిల్ల ముఖం మారిపోయింది.

"పెద్దమ్మా, హోటలు కట్టుకుంటానని దరఖాస్తు పెట్టింది నువ్వే. ప్లాను నీదే. నాలుగో అంతస్తుకు వేరే అర్జీ, అదీ నీదే. వెనక కొండకు రక్షణ గోడ కట్టించేశానని రాసిచ్చింది కూడా నువ్వే."

"నానా? అక్కడ గోడేటి ఉందే గుంటా? ఉత్త మట్టి కదా!"

"ప్లానులో ఉంది పెద్దమ్మా. ఇదిగో సంతకం."

సంతకం ఆమెదే. 'మ్మ' కింద తోకను కుడివైపుకు పొడుగ్గా లాగడం ఆమె అలవాటు. అలాంటివి పదిహేడు సంతకాలు. సోములమ్మ ఒక్కో తోకనూ వేలితో తడుముతూ పోయింది.

ఇద్దరూ కలిసి అర్జీ రాశారు. నేల లేస్తోంది, కొండకు గోడ లేదు, ఇంజనీర్లు వచ్చి చూడాలి అని. కార్యాలయంలో తీసుకుని ముద్ర వేసి నకలు ఇచ్చారు. పన్నెండు రోజుల తర్వాత ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. మేడ పైకెక్కి, కాఫీ తాగి, లోయ ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. వెనకవైపు బురదగా ఉందని అటు రాలేదు.

"ఈ కాగితాలన్నీ కవర్లో పెట్టి నీ దగ్గరే ఉంచుకో. ఎవరడిగినా ఇవ్వకు" అంది రత్న.

అక్టోబరు చివర్లో సముద్రంలో తుఫాను పుట్టింది. అప్పటికి లాడ్జి నిండిపోయి ఉంది. మబ్బులు చూడటానికని వానలోనే జనం ఇంకా వస్తున్నారు. మొదటి రోజంతా ఏకధారగా కురిసింది. కోసిన కొండ అడుగున ఒక పగులులోంచి నీళ్లు తన్నుకొచ్చాయి. ముందు తేటగా, తర్వాత ఎర్రగా, సాయంత్రానికి చిక్కటి బెల్లం పాకంలా. పైన కాఫీ తోటలోని రెండు సిల్వర్ ఓక్ చెట్లు మేడవైపు వాలాయి.

రెండో రోజు పొద్దున ఏడింటికి సోములమ్మ చీపుర్లు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లింది. వాన అలాగే పడుతోంది. పగులులోంచి మాత్రం చుక్క రావడం లేదు. ఆమె దగ్గరికి వెళ్లి చూసింది. ఎర్రమట్టి అంచులు తడిగా మెరుస్తున్నాయి. లోపల ఎక్కడో చిన్న చప్పుడు, ముసలివాళ్లు గొంతు సవరించుకున్నట్టు. చీపుర్లు అక్కడే పడేసి పరుగున లోపలికి వెళ్లింది.

"తాతారావు బాబూ, ఊట ఆగిపోనాది."

"ఆగితే మంచిదే కదా."

"వాన ఆగనేదు కదా బాబు! పైనుంచి నీరు దిగుతానే ఉంది, కిందకి రావడం నేదు. కొండ కడుపు నిండిపోతంది. బేగి జనాన్ని పంపించేయి."

తాతారావు ఆమె ముఖం చూశాడు. గొడుగు తీసుకుని వెనక్కి వెళ్లొచ్చాడు. వెంటనే దుర్గాప్రసాద్‌కు ఫోన్ చేశాడు. అవతలి గొంతు ఆమెకూ వినబడింది. మధ్యాహ్నం హాల్లో పెద్ద భోజనాలున్నాయి, ఒక్కరిని కూడా కదిలించకు, ఆ ముసలిదాన్ని ఇంటికి పంపు అని. తాతారావు ఫోన్ పెట్టేసి తల దించుకున్నాడు.

సోములమ్మ తన గదికి వెళ్లి కవరు తెచ్చింది. కింద హాల్లో జనం టిఫిన్లు తింటున్నారు. పిల్లలు, ముసలివాళ్లు, ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లు. ఆమె మధ్యలోకి వెళ్లి నిలబడింది. అంతమంది ముందు నోరు విప్పడం జీవితంలో అదే మొదలు.

"అయ్యలారా, అమ్మలారా, సామాన్లు సర్దుకోండి. ఈ మేడ ఉండదు. కొండ వచ్చేత్తంది. బేగి ఎల్లిపోండి."

కొంతమంది తలెత్తారు. కొంతమంది నవ్వారు. ఒకాయన ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకునే, "చెప్పడానికి నువ్వెవరమ్మా?" అన్నాడు.

"నాను ఈ మేడ యజమానిని."

నవ్వు పెద్దదైంది. ఆమె కవరు విప్పి పక్క బల్ల దగ్గరున్న పెద్దాయనకు కాగితాలు ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒకటి చదివాడు, రెండోది చదివాడు. "ఈవిడ పేరే ఉంది" అన్నాడు. హాల్లో చప్పుడు తగ్గింది. అయినా ఎవరూ లేవలేదు. ముందుగా డబ్బు కట్టిన గదులు ఎందుకు వదలాలని ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు.

అరగంటకు ఎస్సై వచ్చాడు. రెయిన్‌కోటు మీదనుంచి నీళ్లు కారుతున్నాయి. కాగితాలు చూశాడు, ఆమె ఆధార్ కార్డు చూశాడు. ఇలాంటి యజమానులను ఆయన చాలామందినే చూసి ఉంటాడు. కానీ ఇలా ముందుకొచ్చి అడిగినవాళ్లెవరూ ఆయనకు తగల్లేదు.

"బిల్డింగు ఆవిడది. ఆవిడ ఉండొద్దంటోంది. మీరు ఖాళీ చెయ్యాల్సిందే" అన్నాడు. వెనకవైపు వెళ్లి ఒకసారి కొండను చూసి వచ్చాక మాత్రం అదే మాట అరిచి చెప్పాడు.

తర్వాత అంతా తాతారావు చూసుకున్నాడు. గది గదికీ వెళ్లి తలుపులు కొట్టాడు. నడవలేని ఒక ముసలావిడను కుర్చీతో సహా వంటమనిషి అప్పలస్వామితో కలిసి మోసుకొచ్చాడు. పదకొండున్నరకు అరవై ఒక్కమంది అతిథులూ, పదకొండుమంది పనివాళ్లూ రోడ్డవతల బడి వరండాలో ఉన్నారు. తిట్టుకుంటూ, తుమ్ముతూ, ఫోన్లలో చుట్టాలకు జరిగింది చెప్పుకుంటూ.

పన్నెండు దాటాక తాతారావు ఫోన్ మోగింది. పక్కకు వెళ్లి మాట్లాడాడు. తిరిగొచ్చి గొడుగు అందుకున్నాడు.

"ఆఫీసు బీరువాలో ఫైలొకటి ఉంది. సారు తెమ్మంటున్నాడు. రెండు నిమిషాల్లో వచ్చేస్తా."

"ఏ ఫైలు బాబు?"

"నువ్వూ ఆయనా రాసుకున్న ఒప్పందం. మేడ మీద హక్కంతా ఆయనదేనని ఉంది అందులో. అది బయటివాళ్ల చేతిలో పడకూడదంటున్నాడు."

"వొద్దు బాబు, ఎల్లకు. కాగితమే కదా."

"నా ఉద్యోగం కూడా కాగితమే సోములమ్మా" అన్నాడు తాతారావు. ఎస్సై చూడకుండా పక్క సందులోంచి లోపలికి వెళ్లాడు.

కొండ అరవలేదు. లారీ నుంచి కంకర దించినట్టు ఒక చప్పుడు వచ్చింది, అంతే. సిల్వర్ ఓక్ చెట్లు నిలబడే ముందుకు జరిగి వచ్చాయి. మేడ వెనక సగం మోకాళ్ల మీద కూర్చున్నట్టు కిందికి దిగింది. ముందు సగం అలాగే ఉంది, మబ్బులమేడ అన్న బోర్డుతో సహా. వరండాలో డెబ్భై మందీ లేచి నిలబడ్డారు. సోములమ్మ "బాబూ" అని ఒక్కసారి పిలిచింది.

మర్నాడు సాయంత్రం మెట్ల కింద తాతారావు దొరికాడు. బీరువా తాళాలు చొక్కా జేబులోనే ఉన్నాయి. బీరువా ఏమైందో తెలియలేదు.

రెండు రోజులు టీవీల్లో సోములమ్మను మెచ్చుకున్నారు. మూడో రోజు పోలీసులు వచ్చారు. అనుమతికి విరుద్ధంగా కట్టడం, రక్షణ గోడ కట్టించకుండానే కట్టినట్టు రాసివ్వడం, ఒక మనిషి మరణానికి కారణమవడం. ముద్దాయి యజమానురాలు కిల్లో సోములమ్మ. తను గదులు బుక్ చేసిపెట్టే ఏజెంటును మాత్రమేనని దుర్గాప్రసాద్ టీవీలో చెప్పాడు. పాపం అమాయకురాలు, చట్టాలు తెలియక కట్టుకుంది అని కూడా అన్నాడు.

ఎస్సై ఆమెకు టీ తెప్పించాడు. ఆమె కళ్లలోకి చూడలేదు.

స్టేషన్లో ఉండగా తాతారావు భార్య గంగాభవాని వచ్చింది. ఆమెను చూడగానే సోములమ్మ లేచి నిలబడింది. తిడుతుందనుకుంది. గంగాభవాని ఎదురుగా కింద కూర్చుంది.

"ఆకర్న ఏటన్నాడమ్మా ఆయన?"

సోములమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. కుర్చీ మోసిన సంగతి, ఫైలు సంగతి, సందులోంచి వెళ్లిన సంగతి. "నాను సెయ్యి పట్టుకోవలసింది. పట్టుకోనేదు" అని ఏడ్చింది.

గంగాభవాని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత అంది, "లోనకి ఎల్లేముందు నాకు ఫోన్ చేసినాడు. అందరినీ సోములమ్మ బయటపడేసింది, సారేమో కాగితం తెమ్మంటన్నాడు అన్నాడు. ఈ ముక్క నేను ఎక్కడైనా చెప్తాను. కోర్టులో అయినా సరే."

పంతొమ్మిది రోజులు జైల్లో ఉండి సోములమ్మ బెయిలు మీద బయటికొచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. గంగాభవాని వాంగ్మూలం రాయించుకున్నారు. దుర్గాప్రసాద్‌ను రెండుసార్లు పిలిచి అడిగి పంపేశారు. వాయిదా రోజున సోములమ్మ రైల్లో మైదానానికి దిగి, కోర్టు వరండాలో కూర్చుని, పేరు పిలిచినప్పుడు లేచి నిలబడి, సాయంత్రానికి తిరిగొస్తుంది. సొరంగాలు దాటుతుంటే కళ్లు మూసుకుంటుంది. కొండ కడుపులోంచి పోవడం ఇప్పుడు ఆమెకు చేతకావడం లేదు.

ఫిబ్రవరిలో గ్రామసభ పెట్టారు. మెయిన్ రోడ్డు రెండో దశ. కొండవైపు కొత్త వీధి, దానికి రెండు పక్కలా మేడలు. రంగుల బొమ్మ గోడకు తగిలించారు. అందులో చెట్లు కూడా ఉన్నాయి. అధికారి మాట్లాడటం అయ్యాక సోములమ్మ లేచింది.

"నాను మేడ కట్టించినానంట. నాకే తెలీదు. మీలో ఎంతమంది ఏయే మేడలు కట్టించినారో ముందు కనుక్కోండి. తరవాత వీధి సంగతి సూద్దాం."

అంతే చెప్పి కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సభ తొందరగా ముగించారు.

మర్నాడు పొద్దున రత్న సచివాలయం తలుపు తీసేసరికి బయట ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. చేతుల్లో ఆధార్ కార్డులు. పది గంటలకు వాళ్లు పద్నాలుగు మందయ్యారు. మా పేరు కొట్టి చూడమ్మీ అని అడుగుతున్నారు. రత్న కొడుతోంది, చదువుతోంది. గిన్నెలు తోమే ఆమెకు మూడంతస్తులు. గేటు కాసే అతనికి ఐదు. ఒక ముసలాయనకు రెండు లాడ్జీలు, అవి ఎక్కడున్నాయో ఆయనకు తెలియదు. విన్నవాళ్లు వెళ్లి గోడవారగా కూర్చుంటున్నారు. సోములమ్మ వాళ్లకు మంచినీళ్లు అందిస్తోంది.

తొమ్మిదో మనిషి బేబి. ఇరవై నాలుగేళ్ల పిల్ల, చంకలో బిడ్డ. ఇల్లు బడికి ఎగువన, కొండవాలులో. కాఫీ మొక్కలు ఇస్తామంటే నిరుడు సంతకాలు పెట్టానంది. రత్న పేరు కొట్టింది. తెర మీదిది రెండుసార్లు చదువుకుంది.

"ఏటుంది అక్కా?"

"ఆరంతస్తులు. నీ ఇంటి వెనక, వాలులో. కింద పునాదికి ఇరవై అడుగులు తవ్వాలట." రత్న ఆ కాగితం ముద్రించి బేబి చేతికిచ్చింది. "పని ఎప్పుడు మొదలెడతామన్నారు?"

బేబి బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

"మొదలెట్టేసినారు. నిన్ననే జేసీబీ ఎక్కింది. ఎవరి జాగానో సదును సేత్తన్నారనుకున్నాను."

సోములమ్మ నీళ్ల బిందె దించింది. ఆ వాలు దిగువ బడిలో పిల్లలు పాఠాలు చదివే వేళ అది.

"పదే అమ్మీ" అంది, కొంగు నడుముకు చుట్టుకుంటూ. "ఆ కాగితం పట్టుకుని బేగి నడు."